పదివేల మంది పైడిశ్రీలు

గెడ్డవలస ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో స్టాటిస్టిక్స్ చెప్పే హైమవతికి కోపం ముక్కు మీదే ఉంటుందని పేరు. ఆ సోమవారం మాత్రం అది ముక్కు దాటి నెత్తికెక్కి కూర్చుంది.

ఎదురుగా తెర మీద తొమ్మిది డిగ్రీ కోర్సుల పేర్లు వరసగా ఉన్నాయి. చేపల పెంపకం పచ్చరంగు. గ్రామీణ పర్యాటకం పచ్చరంగు. బీకాం, హోటలు నిర్వహణ, ఇంకో రెండూ పచ్చగానే ఉన్నాయి. స్టాటిస్టిక్స్ ఆనర్స్, డేటా సైన్స్ ఆనర్స్, ఆ రెండూ కలిపి చదివే కోర్సు, ఈ మూడింటికీ ఎర్రరంగు, పక్కనే తాళం బొమ్మ.

"మళ్ళీ నొక్కు," అంది హైమవతి.

తెర ముందు కూర్చున్న పైడిశ్రీ మళ్ళీ నొక్కింది. తాళం కదల్లేదు.

పైడిశ్రీది నీలాటివలస. బస్సు లేని ఊరు. ఇంటర్లో లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకుని, పొద్దున్నే ఆరు కిలోమీటర్లు నడిచి, ఆపైన ఆటో ఎక్కి వచ్చింది. ఆ పిల్లకి ఏం కావాలో ఆ పిల్లకి బాగా తెలుసు.

"నాకు స్టాటిస్టిక్సే కావాల మేడం. పక్కన డేటా సైన్సు మైనరు. చేపల్తో నాకేటి పని?"

తెర అడుగున చిన్న అక్షరాల్లో జవాబు వచ్చింది. 'పదివేల మందిలో మధ్యలో మానేసినవారు 9,614. ఈ అవకాశం ఇవ్వబడదు.'

దాని పేరు ముందుచూపు. మూడేళ్ళ కిందట అన్ని డిగ్రీ కళాశాలలకూ వచ్చింది. పిల్లల్ని నలభై నిమిషాలు కూర్చోబెట్టి లెక్కలు చేయిస్తుంది, మాట్లాడిస్తుంది, ఊరు, ఇల్లు, తల్లి చదువు, తండ్రి పని అన్నీ అడుగుతుంది. తర్వాత ఆ పిల్లలాంటి పదివేల మంది ఉత్తుత్తి పిల్లల్ని తన కడుపులో పుట్టించి ఒక్కో కోర్సులోనూ చేరుస్తుంది. వాళ్ళు అందులో బస్సులెక్కుతారు, జ్వరాలు పడతారు, పరీక్షలు రాస్తారు, కొందరు మధ్యలో మానేస్తారు. పదివేలలో రెండువేల మందైనా చివరిదాకా రాకపోతే అసలు పిల్లకి ఆ కోర్సు తలుపు తెరుచుకోదు. సీటు వృథా కాకూడదట. కట్టినవాళ్ళు పరాయివాళ్ళు కూడా కాదు. హైమవతి చెప్పే చదువే చదివి పైకొచ్చినవాళ్ళు.

"అంటే నాను మానేస్తానంటాదా?" అంది పైడిశ్రీ. "నన్ను అడక్కండానే?"

"నిన్ను కాదు తల్లీ. నీలాంటి వాళ్ళని అడిగిందట."

"నాలాంటి వోళ్ళు ఎవుర్రా బాబూ పదివేల మంది! మా ఊరంతా కలిపినా ఏడొందల మందిమి."

హైమవతికి నవ్వు రాలేదు. ఎంపికల గడువు గురువారం సాయంత్రం ఐదు గంటలు. ఆలోపు తాళం తియ్యకపోతే ఈ పిల్ల మూడేళ్ళు చేపల మేత గురించి చదవాలి. ఆ పదివేల మంది కథలు విప్పి చూడాలంటే తల్లో తండ్రో వేలిముద్ర వెయ్యాలి. తండ్రి ఓడ పని మీద ఎక్కడో ఉన్నాడు.

"మీ అమ్మ ఎక్కడుంటుంది?"

"చేలో మేడం. పంట కోత లెక్కలకి పిలిచినారు."

మరునాడు హైమవతి నీలాటివలస వెళ్ళింది. నువ్వుల చేను ఒక మూల ఒత్తుగా, ఒక మూల పలచగా ఉంది. గట్టు మీద వ్యవసాయ సహాయకుడు ఒకతను గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. చేలో చీర కుచ్చెళ్ళు ఎగదోపిన ఒకావిడ నాలుగు మేకులు, తాడు పట్టుకుని అతనితో వాదిస్తోంది. ఎకరానికి ఎంత పండిందో తేల్చడానికి చేలో ఒక చిన్న చదరం కొలిచి, అందులో పంట కోసి తూకం వేస్తారు. ఆ చదరం ఎక్కడ పడాలన్నదే తగువు.

"ఇక్కడ పాతెయ్యి అప్పలకొండా, రోడ్డు పక్కనే ఉంది, పంటా బాగుంది," అంటున్నాడతను.

"బాగున్న కాడ కోస్తే అది లెక్కవదు బాబూ, పొగడ్తవుతాది." ఆవిడ నడుముకు కట్టుకున్న సంచిలోంచి ప్లాస్టిక్ అతికించిన కాగితం తీసింది. దాని నిండా అంకెలే. కళ్ళు మూసుకుని ఒక అంకె మీద వేలు పెట్టింది, మరో చోట ఇంకో వేలు. "నైరుతి మూల నుంచి పొడుగు ముప్పై ఏడడుగులు, అడ్డం పద్నాలుగు. ఏది పడితే అదే. మనకి నచ్చిన కాడ కాదు."

ముప్పై ఏడడుగులూ లెక్కపెట్టుకుంటూ నడిచింది. మేకు పడ్డ చోట సగం మొక్కలు ఎండి ఉన్నాయి. సహాయకుడు తల పట్టుకున్నాడు. ఆవిడ పట్టించుకోకుండా తాడు బిగించింది.

హైమవతి గట్టు మీదే ఆగిపోయింది. ఆ కాగితం ఆమెకు తెలుసు. యాదృచ్ఛిక అంకెల పట్టిక. ఆ మూలన చేత్తో గీసిన చిన్న బాణం గుర్తు ఆమెదే. ఒకప్పుడు తరగతిలో అందరికీ తనే నకళ్ళు తీయించి పంచింది.

"నువ్వు..." అంది.

అప్పలకొండ వంగిన నడుము ఎత్తి చూసింది. "రండి మేడం. నాను మిమ్మల్ని గట్టెక్కినపుడే పోల్చీసినాను. మీరే నన్ను పోల్చనేదు."

"మూడో సెమిస్టరు దాకా చదివావు కదూ! ముందు బెంచీ. బాగా చదివేదానివి." హైమవతికి నిజంగానే సంతోషం వేసింది. ఆ సంతోషంలోనే నోరు జారింది. "ఎందుకు మానేశావే?"

అప్పలకొండ చేతిలో తాడు ఆగింది. సహాయకుడు కూడా గొడుగు కిందనుంచి ఇటు చూశాడు.

"నాను మాననేదు మేడం," అంది అప్పలకొండ. గొంతు పెంచలేదు. "మీరు గదికి తాళమేసీసినారు. గేపకం నేదేటి? పరీచ్చలు రాసి బయటికొచ్చేం, బల్ల కాడ నిలబెట్టి టీసీలు సేతిలో ఎట్టీసినారు. జిల్లా కాలేజీకి పొమ్మన్నారు. అక్కడ హాస్టల్లో సీటు నేదన్నారు. ఇంటికొచ్చీసినాను. మా అత్త ఇప్పటికీ అంటాది, సదువు మానీసిన పిల్లని కట్టబెట్టీసినారని. మా అత్తకయితే తెల్దు. మీకూ తెల్దా?"

హైమవతికి తెలుసు. తెలిసినదాన్ని ఎప్పుడో మరిచిపోయింది, అంతే. బ్యాగులోంచి వేలిముద్రల పలక తీసి ముందుకు చాపింది. అప్పలకొండ బొటనవేలు కొంగుకు తుడుచుకుని గట్టిగా అదిమింది.

బుధవారం పొద్దున్న పదివేల కథలూ తెరుచుకున్నాయి. మొదటి పైడిశ్రీ స్టాటిస్టిక్స్‌లో చేరింది. రెండు సెమిస్టర్లు డెబ్భై పైన మార్కులు. మూడో సెమిస్టరు, నవంబరు ఇరవై ఎనిమిది, మానేసింది. రెండో పైడిశ్రీకి ఎనభై మార్కులు. నవంబరు ఇరవై ఎనిమిది, మానేసింది. మూడో పిల్ల కాలు విరిగినా కర్రతో క్లాసుకి వచ్చింది, నవంబరు ఇరవై ఎనిమిదిన మానేసింది. హైమవతి నాలుగు వందల మందిని చదివింది. చదివేకొద్దీ ఒళ్ళు మండిపోయింది.

మనుషులు ఇలా మానరు. పాతికేళ్ళుగా ఆమె చూస్తూనే ఉంది. ఒకరు పెళ్ళని మానతారు, ఒకరు నాన్నకు పక్షవాతమని మానతారు, ఒకరు జూన్‌లో, ఇంకొకరు జనవరిలో. తొమ్మిదివేల ఆరువందల మంది ఒకే రోజు ఒకే పూట మానేశారంటే అది మానడం కాదు. అది తాళం. మొదటి సంవత్సరం పిల్లకి చూపించినా అనుమానించే సంగతిని రాష్ట్రమంతా పెట్టుకున్న యంత్రం నమ్మి కూర్చుంది. దాన్ని కట్టిన పెద్దలకి ఒక్క గీత గీసి చూసే తీరిక లేకపోయింది కాబోలు.

అడుగున ఉంది అసలు మాట. 'ఆధారం: దరఖాస్తుదారును పోలిన పాత విద్యార్థినులు. సంఖ్య: 11.'

బస్సు లేని ఊళ్ళ నుంచి, తెలుగు మాధ్యమంలో చదివి, స్టాటిస్టిక్స్‌లో చేరిన ఆడపిల్లలు ఈ ప్రాంతంలో ఎంతమందని? అప్పలకొండ బ్యాచిలో చేరిన పదకొండు మందే. ఆ తర్వాత అటువంటివాళ్ళు చేరనే లేదు. వాళ్ళలో ఒకరు ఈ పిల్లకి తల్లి కాబట్టి ఆ ఒక్క పేరుకీ బరువు మరీ ఎక్కువ. పదకొండు మందిని పట్టుకుని పదివేల మందిని వండింది యంత్రం.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూస్తే చాలని హైమవతి ఏటా మొదటి క్లాసులో చెప్తుంది. పిల్లలు నవ్వుతారు, పాఠం మొదలవుతుంది. కింద పొయ్యి ఆర్పేసి, పైన మెతుకు పట్టుకుని, ఈ బియ్యం ఉడికే రకం కాదు అంటే ఎలా ఉంటుందో ఏనాడూ చెప్పలేదు. పొయ్యి ఆర్పినవాళ్ళలో తనూ ఉంది మరి.

ఇనప బీరువా తెరిచి ఇరవై రెండేళ్ళ కిందటి దస్త్రం తీసింది. పదకొండు పేర్లు. ఎదురుగా కారణం అన్న గడిలో పదకొండు సార్లు 'మానేశారు'. కింద సంతకం తనదే.

అప్పుడామెకి ముప్పై ఏళ్ళు. రెండో లెక్చరర్ని బదిలీ చేసి ఇంకొకర్ని వెయ్యలేదు. గ్రూపు ఎత్తేస్తున్నామన్నాడు ప్రిన్సిపాల్. ఆన్‌లైన్‌లో వివరాలు నింపే పని ఎప్పుడూ స్టాటిస్టిక్స్ మేడం నెత్తినే పడుతుంది, అంకెలన్నీ ఆమెవే అన్నట్టు. పిల్ల వెళ్ళిపోవడానికి కారణం ఎంచుకోనిదే పేజీ ముందుకు కదలదు. ఐదే కారణాలున్నాయి. పెళ్ళి, అనారోగ్యం, మరణం, వేరే కళాశాల, మానేశారు. వేరే కళాశాల అంటే ఆ కళాశాలలో చేరిన నంబరు అడిగింది. ఆ నంబరు ఎవరికీ లేదు. మేమే గది మూశాం అన్న కారణం ఆ జాబితాలో లేదు. టీ చల్లారిపోతోందని గబగబా పదకొండు సార్లు నొక్కేసింది.

అంతటితో ఆగినా బాగుండేది. గ్రూపు పోయిందని పైవాళ్ళకి తెలిస్తే హైమవతి పోస్టు కూడా పోతుందని ప్రిన్సిపాల్ ముగింపు తేదీ గడి ఖాళీగా వదిలేయమన్నాడు. ఆమె వదిలేసింది. పిల్లలు లేని గ్రూపు నడుస్తోందని రెండేళ్ళు సంతకాలు పెట్టింది. మూడో ఏడు డేటా సైన్సు మోజు వచ్చి పట్నం నుంచి కొత్త పిల్లలు చేరారు. కథ సుఖాంతమైందనుకుంది. అవును, ఆమెకి సుఖాంతమే.

గురువారం మధ్యాహ్నం మూడింటికి హైమవతి, పైడిశ్రీ, అప్పలకొండ జిల్లా సహాయ కేంద్రంలో ఉన్నారు. అక్కడి అధికారి త్రినాథరావు చెడ్డవాడేం కాదు. కుర్చీలు వేయించాడు, మంచినీళ్ళిప్పించాడు, అంతా విన్నాడు.

"మీరు చెప్పేది నిజమే మేడం గారూ. కానీ నేను నమ్మితే సరిపోదు. పాత రికార్డు మార్చాలంటే కారణం ఎంచుకోవాలి." తెర ఇటు తిప్పాడు.

పెళ్ళి. అనారోగ్యం. మరణం. వేరే కళాశాల. మానేశారు.

"ఇరవై రెండేళ్ళయింది!" హైమవతి గొంతు హాలంతా వినపడింది. వరసలో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. "పదివేల మంది పిల్లల్ని పుట్టించే యంత్రం కట్టారు గానీ ఆరో కారణం ఒకటి రాయడానికి మీకు చేతులు రాలేదా?"

"రాయమని ఎవరూ అడగలేదండి."

"అడగాల్సినవాళ్ళు ఇంటికి పోయారు కదండీ! ఇంకెవరు అడుగుతారు?"

గడియారం నాలుగు దాటింది. త్రినాథరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. గొంతు తగ్గించి చెప్పాడు.

"ఒక దారి ఉంది. చనిపోయినవాళ్ళని ముందుచూపు లెక్కలోకి తీసుకోదు. ఈవిడ పేరు ఎదురుగా మరణం అని నొక్కితే ఆ బరువు పోతుంది. మిగతా పదిమంది బరువూ తాళం వెయ్యడానికి చాలదు. అమ్మాయికి తాళం తెరుచుకుంటుంది. తర్వాత మెల్లిగా సరిచేయించుకోవచ్చు."

"తర్వాతంటే?"

"రేషను కార్డు, ఓటు, ఆ పంట కోత పని, అన్నీ ఈ రికార్డుకే ముడేసి ఉన్నాయి, అవీ పోతాయండి. కొంచెం తిరగాలి. ఏడాదో, రెండేళ్ళో."

పైడిశ్రీ లేచి నిలబడింది. "నాకొద్దు. చేపలే చదువుతాను. అమ్మా, లే, పోదాం."

అప్పలకొండ లేవలేదు. కొంగుకు బొటనవేలు తుడుచుకుంది. "నువ్వు కూకో. బాబూ, సచ్చిపోయిందనే రాసీండి. మానీసిందని రాత్తే ఇరవై రెండేళ్ళు మోసినాను. దీన్నీ మోత్తాను. పిల్లకి సీటొత్తే సాలు." వేలు తెర మీదకు చాపింది.

హైమవతి ఆ మణికట్టు పట్టుకుంది. గాజు ఒకటి చిట్లింది.

"వద్దు. ఒకసారి నీ గురించి అబద్ధం రాశాను. రెండోసారి రాయను."

"మరి పిల్ల మేడం?"

హైమవతి త్రినాథరావు చేతిలోంచి మౌస్ లాక్కుంది. పిల్లల పేజీ మూసి, గ్రూపు పేజీ తెరిచింది. చివర్లో ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది. గ్రూపు ముగిసిన తేదీ. ఆ గడి నింపితే ఆ రోజున అందులో ఉన్నవాళ్ళెవరూ మానేసినవాళ్ళ కిందికి రారు. నింపే అధికారం అప్పటి ఇన్‌చార్జిది, అంటే తనది.

"ఆగండి మేడం గారూ," అన్నాడు త్రినాథరావు. "ఆ తేదీ వేస్తే, తర్వాత రెండేళ్ళు నడుస్తోందని సంతకం పెట్టిందెవరని అడుగుతారు."

"నేనే పెట్టాను."

"మీకింకా పదేళ్ళ సర్వీసుంది."

"లెక్కలు నాకు వచ్చండీ."

తేదీ కొట్టింది. ఇరవై ఎనిమిది, పదకొండు. సంవత్సరం కూడా వేసింది. భయమేసింది, బాగా భయమేసింది. ఈ వయసులో విచారణలు, తోటివాళ్ళ చూపులు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అయినా వేలిముద్ర వేసింది.

"చచ్చిపోయింది అప్పలకొండ కాదండీ," అంది. "గ్రూపు. దాని చావు ఇప్పటికి రాశాను."

ముందుచూపు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. నాలుగూ నలభై. నాలుగూ నలభై ఎనిమిది. పైడిశ్రీ తల్లి చెయ్యి పట్టుకుని చూస్తోంది. చిట్లిన గాజుముక్క ఎక్కడ గుచ్చుకుంటుందోనని అప్పలకొండ దాన్ని తీసి సంచిలో వేసుకుంది.

నాలుగూ యాభై రెండుకి చక్రం ఆగింది. పదివేల మంది లేరు. అంకెలు లేవు. ఒక్క వాక్యం ఉంది.

'ఈ దరఖాస్తుదారును పోలినవారు లేరు. ఏం జరుగుతుందో తెలియదు. అవకాశం ఇవ్వబడింది.'

తాళం బొమ్మ పోయి పచ్చరంగు వచ్చింది. పైడిశ్రీ ఎగిరి నొక్కింది. స్టాటిస్టిక్స్ ఆనర్స్, మైనరు డేటా సైన్సు. రసీదు కాగితం బయటికొచ్చాక గానీ ఊపిరి పీల్చలేదు.

హైమవతి మాత్రం ఆ మాటనే చూస్తూ ఉండిపోయింది. తెలియదు. పదకొండు మందిని చూసి పదివేలు చెప్పే బదులు, సోమవారం నాడే ఈ ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. దానికి ఆ మాట నేర్పినవాళ్ళు లేరు. నేర్పాల్సిన పాఠం తన పుస్తకంలో మొదటి అధ్యాయమే.

"మిగతా కాలేజీల్లో ఇలాంటి ఖాళీ గడులు ఎన్నున్నాయండీ?" అని అడిగింది.

త్రినాథరావు కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఎవరూ లెక్కపెట్టలేదు మేడం గారూ."

ఆగస్టులో తరగతులు మొదలైన వారానికి హైమవతికి సంజాయిషీ నోటీసు వచ్చింది. తప్పుడు ధ్రువీకరణకు కారణం కింది వాటిలో ఒకటి ఎంచుకోవాలట. మరపు, పని ఒత్తిడి, సాంకేతిక లోపం, పైవారి ఆదేశం. ఆమె నాలుగింటినీ చదివి నాలుగింటినీ కొట్టేసింది. కింద ఖాళీలో పెన్నుతో ఏం రాయాలా అని చూస్తుండగా గుమ్మం దగ్గర అప్పలకొండ కనిపించింది.

"రా, కూర్చో. పైడిశ్రీ క్లాసులో ఉంది."

"దాని కోసం కాదు మేడం." అప్పలకొండ కూర్చోకుండానే చెప్పింది. "నాకొక కాయితం గావాల. నాను మాననేదని. కంప్యూటర్లో మార్సినారు, బాగుంది. మా అత్తకి కంప్యూటరు సూపించనేను కదా."

హైమవతి కళాశాల ముద్ర ఉన్న తెల్లకాగితం తీసింది. చేత్తో రాసింది. 'అప్పలకొండ చదువు మానలేదు. మేమే గది మూసి పంపేశాం.' కింద సంతకం పెట్టింది. రాసిన చేత్తోనే నోటీసులోని ఖాళీలో కూడా అదే వాక్యం రాసింది, అప్పలకొండ పేరు ఉన్న చోట పదకొండు పేర్లూ పెట్టి.

అప్పలకొండ కాగితం అందుకుని వెలుతురుకి ఎత్తి నెమ్మదిగా చదివింది. మడత పెట్టలేదు. తిరిగి బల్ల మీద పెట్టింది.

"తేదీ ఎయ్యనేదు మేడం."

హైమవతి పెన్ను తీసి ఆ నాటి తేదీ వేసింది.

"ఇది కాదు," అంది అప్పలకొండ. "మూసిన తేదీ."